కోజియాస్కో హట్‌లలో రాత్రి బస: బుకింగు లేదు, రుసుము లేదు, నమ్ముకుని వెళ్ళడం ఎలా?

బాపట్ల_బాలు
డిసెంబరు సెలవుల్లో రెండు కుటుంబాలం కలిసి ఆస్ట్రేలియాలో, న్యూ సౌత్ వేల్స్ కొండల్లోని కోజియాస్కో నేషనల్ పార్కుకు వెళ్దామనుకుంటున్నాం. పెద్దవాళ్ళం ఐదుగురం, పిల్లలు ముగ్గురు. ఆ ఐదుగురిలో గుంటూరు నుంచి వచ్చిన మా మామగారు కూడా ఉంటారు. రోజూ తెల్లవారుజామున లేచి నడిచే మనిషి, ఆయన గురించి నాకు బెంగ లేదు. మన్యాంగ్ విద్యుత్ కేంద్రం దగ్గర కారు ఆపి, వైట్స్ రివర్ హట్ అనే పాత కొండ గుడిసెకు నడిచి వెళ్ళి, అక్కడ రెండు రాత్రులు ఉండాలని ఆలోచన.

నా ఫిర్యాదు ఏమిటంటే, ఆ హట్‌ను ముందుగా ఖాయం చేసుకునే మార్గమే లేదు. వెబ్‌సైటంతా వెతికాను. పార్కువాళ్ళకు ఫోను చేస్తే, "ఉచితమే, ఎవరైనా వాడుకోవచ్చు, కానీ దాన్ని నమ్ముకుని రావద్దు, టెంటు తెచ్చుకోండి" అన్నారు. ఉచితమూ అంటారు, నమ్మవద్దూ అంటారు. డబ్బిస్తామన్నా పుచ్చుకునే నాథుడు లేడు! చోటు దొరుకుతుందో లేదో తెలియకుండా పిల్లలను వెంటబెట్టుకుని కొండల్లోకి ఎలా వెళ్ళడం? వెళ్ళివచ్చినవాళ్ళు కాస్త చెప్పండి.

మంచుపులి
ఎనిమిది మందికి దొరకదు. దొరికినా మీరు ఎనిమిది మంది లోపల పరచుకోకూడదు.

ఉప్మా_విరోధి
మంచుపులి గారు ఎప్పటిలాగే తలుపు తీసి, మొహం మీదే మూసేశారు. బాలు గారూ, కాసేపు ఆగండి, కామేశ్వరి గారు వస్తారు. ఆవిడకు ఆ కొండల్లో ప్రతి మేకూ తెలుసు.

కాన్‌బెర్రా_కామేశ్వరి
మేకులు తెలియవు కానీ కొన్ని మేకులు నేనే కొట్టాను. ఒక హట్ బాగోగులు చూసే స్వచ్ఛంద బృందంలో ఉన్నాను, అందుకని కొంచెం పెద్దగానే రాస్తాను.

ఫోనులో మీకు చెప్పింది సరైన మాటే. ఇవి యాత్రికుల కోసం కట్టిన విడుదులు కావు. కొన్ని పశువుల కాపరులవి. వేసవిలో కింద గడ్డి ఎండిపోతే మందలను పైకి తోలుకొచ్చి, మంచు పడేలోపు దించుకుపోయేవారు. ఆ నాలుగు నెలలకు ఒక కప్పు, ఒక పొయ్యి చాలు వాళ్ళకు. కొన్ని బంగారం తవ్వుకున్నవాళ్ళవి. కొన్ని 1949లో మొదలైన స్నోయీ జలవిద్యుత్ పథకం వాళ్ళు తమ సిబ్బంది కోసం వేసినవి. మంచు ఎంత లోతు పడింది, ఏటిలో నీరెంత పారుతోంది అని కొలవడానికి మనుషులు వెళ్ళేవారు, వాళ్ళకు తల దాచుకునే చోటు కావాలి కదా. ఆ పనులు చాలావరకు ఆగిపోయాయి, పార్కులో పశువుల మేతా ఆగిపోయింది, గుడిసెలు మిగిలాయి.

ఇప్పుడు వాటికున్న పని ఒక్కటే, వాతావరణం తిరగబడితే మనిషి ప్రాణం కాపాడడం. సత్రం అనుకోకండి, చలివేంద్రం అనుకోండి. దాహమైనవాడు తాగి పోవాలి, కుండ పక్కన చాప వేసుకుని పడుకోకూడదు. ముందే ఖాయం చేసుకునే పద్ధతి పెడితే, గాలివానలో తడిసి వచ్చినవాడికి "ఈ రాత్రికి నా పేరు మీద ఉంది" అని చెప్పే హక్కు మీకు వస్తుంది. ఆ హక్కు ఎవరికీ ఉండకూడదనే ఇదంతా.

వైట్స్ రివర్ హట్ 1935 నాటిది. రేకు గోడలు. ముందు గదిలో ఇనుప పొయ్యి, బల్ల, కూర్చునే చెక్కలు. పక్కనున్న పడకల గదికి ఎప్పటినుంచో "కెల్వినేటర్" అని పేరు, ఫ్రిజ్ పేరే. ఎందుకో చలికాలంలో పడుకుంటే తెలుస్తుంది. దూలాల నుంచి తీగలు వేలాడుతుంటాయి, ఆహారం సంచులు వాటికే కట్టాలి. ఎందుకంటే అక్కడ బబుల్స్ ఉంటుంది.

బాపట్ల_బాలు
బబుల్స్ ఎవరు?

కాన్‌బెర్రా_కామేశ్వరి
అడవి ఎలుక. తరాలు మారుతూనే ఉంటాయి, పేరు మాత్రం వంశపారంపర్యం.

ఉప్మా_విరోధి
మా చిన్నప్పుడు ఇంట్లో కెల్వినేటర్ ఉండేది. దానిలోనూ ఎలుక దూరింది. అంటే నేను ఆ హట్‌లో పెరిగినట్టే.

ఆక్లాండ్_అవధాని
నేను ఒప్పుకోను. ఇదంతా ఆస్ట్రేలియావాళ్ళు పద్ధతి పెట్టుకోలేక చెప్పే కబురు. ఇక్కడ న్యూజిలాండ్‌లో పరిరక్షణ శాఖ తొమ్మిది వందలకు పైగా హట్‌లు నడుపుతోంది. పరుపులు ఉంటాయి, వాననీటి తొట్టి ఉంటుంది, చాలా చోట్ల పొయ్యి ఉంటుంది. పేరున్న దారుల్లో ముందే డబ్బు కట్టి పడక ఖాయం చేసుకుంటాం, హట్ చూసుకునే మనిషి సాయంత్రం వచ్చి పేర్లు సరిచూస్తాడు. మిగతా చోట్లకు టికెట్లు కొనుక్కుని వెళ్తాం. ఆ డబ్బుతోనే మరమ్మతులు జరుగుతాయి. బాలు గారు అడిగినదానిలో తప్పేముంది?

మంచుపులి
టికెట్ కొంటే పడక ఖాయమా, అవధాని గారూ?

ఆక్లాండ్_అవధాని
పేరున్న దారుల్లో ఖాయం. మిగతా చోట్ల ముందు వెళ్ళినవాళ్ళదే పడక. టికెట్ ఉన్నా నేల మీద పడుకున్న రోజులున్నాయి, కాదనను. కానీ నేలైనా పొడిగా ఉంటుంది, తలుపు సరిగ్గా పడుతుంది.

కాన్‌బెర్రా_కామేశ్వరి
అవధాని గారూ, మీ హట్‌లలో చాలావరకు నడిచేవాళ్ళ కోసం, వేటగాళ్ళ కోసం ప్రభుత్వమే కట్టించినవి. ఇక్కడివి కాపరి తన చేతికందిన చెట్టుతో, రేకుతో కట్టుకున్నవి. ఇరవై పడకలు పెట్టాలంటే గోడలు పడగొట్టాలి. పడగొట్టాక చూడడానికి ఏం మిగులుతుంది?

మెల్‌బోర్న్_మేస్త్రి
పక్క రాష్ట్రం విక్టోరియాలో మధ్యేమార్గం ఉంది. ఫాల్స్ క్రీక్ నుంచి హోథామ్ దాకా 37 కిలోమీటర్ల దారి ఉంది, మామూలుగా మూడు రోజులు నడుస్తారు. కోప్ హట్ దగ్గర, డిబ్బిన్స్ హట్ దగ్గర టెంట్లు వేసుకోవడానికి చెక్క అరుగులు కట్టారు. ఆ అరుగును ముందే డబ్బు కట్టి ఖాయం చేసుకోవచ్చు. హట్ మాత్రం ఎవరిదీ కాదు, వాన వస్తే అందరిదీ. కోప్ హట్ 1929లో మంచు మీద జారే ఆటకు వచ్చేవాళ్ళ కోసమే కట్టింది, దానిలో కూడా ఇప్పుడు ఆపద వస్తే తప్ప రాత్రి ఉండకూడదు.

అక్కడికి దగ్గర్లోనే వాలేస్ హట్ ఉంది, 1889 నాటిది. అక్కడి ఆల్పైన్ నేషనల్ పార్కులో మిగిలినవాటిలో అదే పాతది. రోడ్డు నుంచి కొద్ది నిమిషాల నడక, పెద్దవాళ్ళను కూడా తీసుకెళ్ళవచ్చు. నేను సివిల్ ఇంజనీరును కాబట్టి నా కన్ను గోడల మీదకే పోయింది. స్నో గమ్ అనే యూకలిప్టస్ జాతి చెట్టు దుంగలను చీల్చి నిలువునా పాతిన పలకలు. ఏ రెండు పలకలూ ఒకే మందం ఉండవు. చేత్తో తడిమితే చెక్కలోని పోగు ఎటు తిరిగితే అటే చీలినట్టు తెలుస్తుంది. రంపం వాడి ఉంటే నీరు ఇంకి ఈపాటికి కుళ్ళిపోయేది, పోగు వెంట చీల్చిన చెక్క మీద నీరు జారిపోతుంది. చుట్టూ ఉన్న స్నో గమ్ చెట్లు గాలికి మెలితిరిగి ఉంటాయి, వాటిలోంచి తిన్నని పలక తీయడమే గొప్ప.

పాత_చొక్కా
మేస్త్రి గారు చెప్పింది అసలైన పాతది కాబట్టి సరే. కానీ ఈ పార్కుల్లో "చారిత్రక" అని బోర్డు పెట్టినవాటిలో సగం నిన్నా మొన్నా కట్టినవే. 2003 మంటల్లో కాలినవి కొన్ని, 2020లో కాలినవి కొన్ని. కాలిపోయింది కాలిపోయినట్టు వదిలేయక, అదే నమూనాలో కొత్త చెక్కతో కట్టి చరిత్ర అంటే ఎలా? ఆ డబ్బుతో బాలు గారు అడిగినట్టు పద్ధతైన విడుదులు కట్టవచ్చు. విక్టోరియాలో మౌంట్ స్టర్లింగ్ మీద క్రెయిగ్స్ హట్ చూశారా? అది 1981లో సినిమా కోసం వేసిన సెట్! అది కూడా మంటల్లో కాలితే మళ్ళీ కట్టారు. సెట్‌కు నకలు. దాని ముందు నిలబడి మన జనం ఫోటోలు, "వందేళ్ళ నాటి గుడిసె" అని కింద రాతలు.

ఉప్మా_విరోధి
నా ఫోటో కింద కూడా అదే రాశాను. ఇప్పుడే తీసేస్తున్నాను.

కాన్‌బెర్రా_కామేశ్వరి
పాత చొక్కా గారూ, క్రెయిగ్స్ హట్ మాట మీకే వదిలేస్తున్నాను, దాన్ని నేనూ వెనకేసుకురాను.

మన కోజియాస్కో పార్కులోనే, కియాండ్రా దగ్గర డిలేనీస్ హట్ సంగతి వేరు. 2003లో కాలింది, కట్టారు. 2020 జనవరిలో మళ్ళీ కాలింది, మళ్ళీ కట్టారు. కట్టేవాళ్ళు జీతానికి వచ్చినవాళ్ళే కాదు. కాపరుల కుటుంబాల మనవలు, నాలాంటి సెలవురోజు కూలీలు కూడా ఉంటారు. కోజియాస్కో హట్స్ అసోసియేషన్ అని 1970ల తొలినాళ్ళ నుంచి ఒక సంఘం ఉంది. ఒక్కో హట్‌ను ఒక్కో బృందం చూసుకుంటుంది. నాకు అక్కడే బాడిశ పట్టడం వచ్చింది. మా తాతగారి ఊళ్ళో వడ్రంగి వాడుతుంటే చిన్నప్పుడు చూసిందే తప్ప, చేత్తో పట్టుకున్నది ఈ దేశంలోనే. మొదటి రోజు నా పలక చూసి మా బృందం పెద్దాయన ఏమీ అనలేదు, పొయ్యి దగ్గర కట్టెల్లో కలిపేశాడు.

కొత్త చెక్కే, నిజం. కానీ నమూనా, స్థలం, చీల్చే పద్ధతి అవే. అలా కట్టకపోతే ఆ పద్ధతి తెలిసినవాళ్ళు కూడా ఉండరు. అదీగాక, 2003కు ముందు నుంచి ఆ దారిన నడిచేవాళ్ళ పటాల్లో ఆ హట్ గుర్తు ఉంటుంది. మంచుతుఫానులో దాన్ని వెతుక్కుంటూ వచ్చినవాడికి అక్కడ పొగగొట్టం ఒక్కటే మిగిలి కనిపిస్తే?

పాత_చొక్కా
ప్రాణరక్షణ కోసమైతే రేకుల షెడ్డు చాలు కదండీ. బాడిశ ఎందుకు?

మంచుపులి
రేకుల షెడ్డు కూడా ఉంది. కోజియాస్కో శిఖరం కింద కూటపటాంబా హట్. జలవిద్యుత్ పథకం వాళ్ళు వేసింది. మంచు నిండితే తలుపు కనపడదు కాబట్టి పైనుంచి దిగడానికి గొట్టంలాంటి దారి పెట్టారు. లోపల నలుగురు పట్టడం కష్టం. అందం లేదు. ఎవరూ దానికి సెలవురోజు కూలీ చేయరు.

బాపట్ల_బాలు
చర్చ ఎటో పోయింది. నా ఎనిమిది మంది సంగతి చూడండి. శిఖరం దారిలో సీమన్స్ హట్ అని రాతితో కట్టింది ఉందట, షార్లట్ పాస్ నుంచి ఆరు కిలోమీటర్లేనట, దారి కూడా వెడల్పుగా ఉంటుందట. దానిలో ఒక రాత్రి ఉండవచ్చా?

మంచుపులి
ఉండకూడదు. అది ఆపద కోసమే. ఎందుకో చెప్తాను.

1928 ఆగస్టులో లారీ సీమన్, ఇవాన్ హేస్ అనే ఇద్దరు యువకులు స్కీలు కట్టుకుని శిఖరానికి బయలుదేరారు. మంచుతుఫాను పట్టుకుంది. సీమన్ శవం కొన్ని వారాలకు దొరికింది. హేస్ అవశేషాలు ఆ తరువాత ఎంతో కాలానికి గాని దొరకలేదు. సీమన్ తల్లిదండ్రులు ఇచ్చిన డబ్బుతో 1929లో ఆ రాతి గుడిసె కట్టారు, వాళ్ళ అబ్బాయి దొరికిన చోటికి దగ్గర్లో. ఇంకొకరి బిడ్డకు అలా జరగకూడదని. ఆ తరువాత దానిలో తలదాచుకుని బతికినవాళ్ళు ఉన్నారు.

దానిలో చాప పరిచి పులిహోర పొట్లాలు విప్పకండి. మధ్యాహ్నం ఆగి, గాలి తగలకుండా కాసేపు కూర్చుని, తలుపు గట్టిగా మూసి వెళ్ళండి. వేసవి కదా అనుకోవద్దు, జనవరిలో కూడా అక్కడ మంచు పడుతుంది. కిందనున్న షార్లట్ పాస్‌లోనే 1994 జూన్ 29న సున్నాకు దిగువన 23 డిగ్రీలు నమోదైంది, ఆస్ట్రేలియాలో అంత చలి మరెక్కడా నమోదు కాలేదు.

ఉప్మా_విరోధి
మంచుపులి గారు ఇంత పొడుగు జవాబు రాయడం కూడా ఎక్కడా నమోదు కాలేదు.

స్వాతిచినుకు
పిల్లలతో వెళ్ళినదాన్ని కాబట్టి చెప్తున్నాను. మేము చిన్న హట్ ఒకదానికి సాయంత్రం చేరేసరికి ఒక పెద్ద బృందం లోపలంతా సామాను పరిచేసుకుంది. మావాళ్ళే, తెలుగువాళ్ళే. పది మందికి పైనే ఉంటారు. స్పీకరు పెట్టి పాటలు. బయట సన్నగా తుప్పర. అడిగితే, "మేము మధ్యాహ్నమే వచ్చామండీ" అన్నారు. మా టెంటు ఉంది కాబట్టి సరిపోయింది. అర్ధరాత్రి దాటినా పాటలు ఆగలేదు, పక్కన టెంటులో ఒక ముసలి జంట ఉన్నారు, పాపం ఏమీ అనలేదు.

నెల్లూరు_చేపలపులుసు
మనవాళ్ళు అనగానే తిట్టడానికి అందరూ ముందుంటారు. గిటార్లు పట్టుకుని తెల్లవారేదాకా పాడిన ఆస్ట్రేలియన్ కుర్రాళ్ళ పక్కన నేను పడుకున్నాను. అప్పుడు ఎవరూ ఏ వేదికలోనూ రాయలేదు.

స్వాతిచినుకు
వాళ్ళ గురించి వాళ్ళ వేదికలో రాస్తారు. నేను నా వేదికలో రాశాను.

నిర్వాహకుడు
ఈ గొడవ ఇక్కడితో ఆపండి. ఎవరి పాటైనా రాత్రి పూట పాటే. అసలు ప్రశ్నకు రండి.

నైట్‌డ్యూటీ
ఆసుపత్రిలో పనిచేస్తాను, ఒక్క విషయం మాత్రం అడ్డం పడి చెప్పాలి. కిందటేడు ఇదే వేదికలో ఎవరో "టెంటులో చిన్న బొగ్గుల కుంపటి పెట్టుకుంటే వెచ్చగా ఉంటుంది" అని సలహా ఇచ్చారు. దయచేసి ఎవరూ ఆ పని చేయవద్దు. బొగ్గులైనా, గ్యాసు పొయ్యి అయినా మూసిన చోట మండితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. వాసన ఉండదు. తలనొప్పి, మత్తు, నిద్ర, అంతే. హట్ లోపల వంట చేసినా కిటికీయో తలుపో కొంత తెరిచి ఉంచండి. చలి పుడితే పొడి బట్టలు మార్చుకోండి, టోపీ పెట్టుకోండి, వేడిగా ఏదైనా తాగండి. మనిషి వణకడం ఆగిపోయి మాట ముద్దగా వస్తుంటే అది తగ్గినట్టు కాదు, ముదిరినట్టు. పెద్దవాళ్ళ విషయంలో ఇది గమనించాలి, వాళ్ళు చలి అని చెప్పరు.

బాపట్ల_బాలు
మా మామగారు నిజంగానే చెప్పరు. గుర్తుంచుకుంటాను. వంట సంగతి కూడా ఎవరైనా చెప్పండి. మా ఆవిడ చిన్న కుక్కరు, కందిపప్పు మూటగడుతోంది.

కాన్‌బెర్రా_కామేశ్వరి
కుక్కరు మోసే ఓపిక ఉంటే కందిపప్పు తీసుకెళ్ళండి. లేకపోతే వద్దు. వైట్స్ రివర్ హట్ 1700 మీటర్ల ఎత్తు చుట్టుపక్కల ఉంటుంది, నీరు 94 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. మరుగుతూనే ఉంటుంది, పప్పు మాత్రం పలుకుగానే ఉంటుంది, గ్యాసు డబ్బా ఖాళీ అవుతుంది. పెసరపప్పు నానబెట్టుకుంటే నయం. అటుకులు ఇంకా నయం, వేడినీళ్ళు పోస్తే చాలు. ఏటి నీరు చూడడానికి తేటగా ఉన్నా మరగబెట్టే తాగండి, పైన జంతువులు తిరుగుతుంటాయి.

ఉప్మా_విరోధి
మొదటి రాత్రికి పులిహోర, రెండో రోజుకు అటుకులు. మూడో రోజుకు ఏమిటని నన్ను అడగకండి.

స్వాతిచినుకు
మూడో రోజుకు ఉప్మానే. రవ్వ ఇంట్లోనే పోపుతో సహా వేయించి సంచిలో పోసుకుంటే అక్కడ ఐదు నిమిషాల పని. మీ పేరు మార్చుకునే సమయం వచ్చింది.

ఉప్మా_విరోధి
ఆకలితో చస్తాను కానీ పేరు మార్చుకోను.

మెల్‌బోర్న్_మేస్త్రి
కట్టెల గురించి ఎవరూ చెప్పలేదు. హట్‌లో పొయ్యి ఉంది కదా అని చుట్టూ ఉన్న స్నో గమ్ కొమ్మలు విరవకూడదు, ఎండి నిలబడ్డ చెట్టయినా సరే. అది చచ్చిన చెట్టు కాదు, ఏ పక్షికో ఇల్లు. మంట నిషేధం ఉన్న రోజున పొయ్యి ముట్టించనే కూడదు. లోపల పేర్చిన కట్టెల్లో మీరు వాడినన్ని, మీకు వీలైతే ఇంకొన్ని, రాలిపడినవి ఏరుకొచ్చి పెట్టండి. కొన్ని సన్న పుల్లలు తడవకుండా పొయ్యి పక్కన ఉంచండి. తడిసి, వేళ్ళు కొంకర్లు పోయి వచ్చినవాడికి గొడ్డలి పట్టే శక్తి ఉండదు. ఇంకొకటి, బూడిద చల్లారిందనుకుని చెక్క గోడ పక్కన పారబోయకండి. లోపల నిప్పు చాలాసేపు ఉంటుంది. గుడిసెలు కాలేది కార్చిచ్చు వల్లనే కాదు.

పాత_చొక్కా
అలా కాలితే మళ్ళీ కొత్త చెక్కతో "చారిత్రక" గుడిసె లేస్తుంది.

కాన్‌బెర్రా_కామేశ్వరి
లేస్తుంది. ఈసారి పని దినానికి మీరూ రండి, మీకు ఒక బాడిశ ఇస్తాను. మొదటి పలక పొయ్యికే పోతుంది, ముందే చెప్తున్నాను.

పాత_చొక్కా
వస్తే భోజనం ఉంటుందా?

కాన్‌బెర్రా_కామేశ్వరి
ఉంటుంది. రొట్టె, కాల్చిన మాంసం, నా గోంగూర పచ్చడి. మా బృందం పెద్దాయన ఇప్పుడు గోంగూర లేకుండా రొట్టె ముట్టుకోడు.

ఆక్లాండ్_అవధాని
ఇన్ని చెప్పారు, బాలు గారు ఎక్కడ ఉండాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

స్వాతిచినుకు
నేను చెప్తాను. మోసుకుని నడవడం అలవాటు లేని పిల్లలుంటే వైట్స్ రివర్ మొదటి యాత్రకు వద్దు. పార్కు ఉత్తర భాగానికి వెళ్ళండి. లాంగ్ ప్లెయిన్ హట్ దాకా వేసవిలో కారు పోతుంది, 1916లో కట్టింది, వరండా ఉన్న పెద్ద ఇల్లు. పక్కనే మైదానంలో టెంట్లు వేసుకోవచ్చు. వాన వస్తే వరండాలోకి పరుగెత్తవచ్చు. ఆ రోడ్డు చలికాలంలో మూసేస్తారు, డిసెంబరులో తెరిచే ఉంటుంది. సాయంత్రం అడవి గుర్రాలు మందలుగా వస్తాయి, పిల్లలకు ఇక వేరే ఆట అక్కర్లేదు. దగ్గరికి వెళ్ళనివ్వకండి.

అక్కడి నుంచి కూలమైన్ హోమ్‌స్టెడ్ తప్పకుండా చూపించండి. 1880ల నాటి ఇళ్ళు. దానిలో పడుకోనివ్వరు, చూసి రావడమే. లోపలి గోడలకు చలిగాలి దూరకుండా పాత వార్తాపత్రికలు అతికించారు, ఒకదాని మీద ఒకటి. మా పెద్దమ్మాయి ఒక గోడ దగ్గర నిలబడి ప్రకటనలు చదువుతూ కదల్లేదు. కాగితం టీ రంగుకు మారింది, మూలల్లో పై పొర ఊడి కింద ఇంకో ఏడాది వార్త కనిపిస్తుంది. ముట్టుకోవద్దని పిల్లలకు ముందే చెప్పండి.

పెద్దాయనకు పడక కావాలంటే యారంగోబిల్లీ గుహల దగ్గర 1901 నాటి కేవ్స్ హౌస్ ఉంది. దాన్ని ముందే ఖాయం చేసుకోవచ్చు, డబ్బు కూడా పుచ్చుకుంటారు, మీ కోరిక తీరుతుంది. అక్కడే 27 డిగ్రీల సహజమైన వేడినీటి కొలను ఉంది, ఏడాది పొడుగునా అంతే వేడి. కొలనుకు దిగే దారి నిట్టనిలువుగా ఉంటుంది, ఎక్కేటప్పుడు తొందర పడవద్దు.

నెల్లూరు_చేపలపులుసు
27 డిగ్రీలు వేడినీళ్ళా? మా నెల్లూరులో కుళాయి తిప్పితే అంతకంటే వేడిగా వస్తాయి.

బాపట్ల_బాలు
స్వాతిచినుకు గారూ, చాలా బాగుంది, పిల్లలకు ఇదే ఖాయం చేస్తున్నాం. చిక్కు ఎక్కడంటే, ఈ చర్చ మొత్తం మా మామగారు చదివారు. ఆయన కేవ్స్ హౌస్ వద్దంటున్నారు. "పడక కోసం ఇంత దూరం రావాలా, గుంటూరులో లేదా?" అని. కెల్వినేటర్‌లో పడుకుని, ఆ ఎలుకను చూడాల్సిందేనట. నేనూ ఆయనా ఇద్దరమే, టెంటు మోసుకుని, ఒక్క రాత్రికి వైట్స్ రివర్ వెళ్ళి వస్తాం. ఫరవాలేదా?

మంచుపులి
ఇద్దరైతే వెళ్ళండి. పైకి చేరాక టెంటు వేసుకుని పడుకోండి, హట్ లోపల చోటుంటే అదృష్టం. హట్‌లో పుస్తకం ఉంటుంది, ఎవరు వచ్చారో, ఎటు వెళ్తున్నారో రాయండి. వెతికేవాళ్ళు ముందు చూసేది అదే. దారిలో ఫోను చాలా చోట్ల పలకదు. ఆపద సంకేతం పంపే బీకన్‌ను పార్కు కార్యాలయంలో ఉచితంగా అరువిస్తారు, పార్కు దగ్గరి ఊరు జిందబైన్‌లో అడగండి. వెళ్ళే ముందు మూసివేతల జాబితా చూడండి, ఉన్నట్టుండి కొన్ని భాగాలు మూసేస్తుంటారు.

నైట్‌డ్యూటీ
ఆయన రక్తపోటు మాత్రలు ఒక రోజువి ఎక్కువే పెట్టుకోండి. వెనక్కి రావడం ఆలస్యమైతే పనికొస్తాయి.

కాన్‌బెర్రా_కామేశ్వరి
మరుగుదొడ్డి హట్‌కు కాస్త దూరంగా ఉంటుంది, గుంత మీద కట్టింది. రాత్రికి తలకు కట్టుకునే దీపం పెద్దాయన చేతికే ఇవ్వండి. తుడుచుకునే తడి కాగితాలు (వెట్ వైప్స్) మరుగుదొడ్డిలో వేయకుండా వెనక్కి తెచ్చుకోండి. పాములు ఉంటాయి, ఎండకు బండల మీద పడుకుంటాయి, చూసి అడుగేస్తే వాటి దారిన అవి పోతాయి.

ఉప్మా_విరోధి
డిసెంబరు, జనవరిల్లో పాములకంటే జోరీగలు ఎక్కువ బాధపెడతాయి. చొక్కా మీద నుంచి కూడా కుడతాయి. ముదురు నీలం బట్టలంటే వాటికి మహా ఇష్టం, మామగారిని నీలం వేసుకోవద్దనండి.

బాపట్ల_బాలు
ఆయన తెచ్చుకున్నవన్నీ తెల్ల చొక్కాలే. నావే అన్నీ నీలం.